ఐదో మలుపులో ఆగిన బండి

బండి వెనక్కి వచ్చిన సంగతి ఎవరికీ వినిపించలేదు. ఇంజన్ చచ్చిన బండికి చప్పుడెక్కడిది? కొండ వాలు ఎంత తోస్తే అంత దొర్లుకుంటూ వచ్చి, షెడ్డు ముందున్న బురదలో చతికిలబడింది. కూతురు దిగి హెల్మెట్ తీసి సీటు మీద పెట్టింది. మోకాళ్ల దాకా మట్టి. ముఖం చూసినవాళ్లకు ఇంకేమీ అడగాల్సిన పని లేదు.

అయినా మేస్త్రి అడిగాడు.

"ఎక్కడ?"

"అక్కడే నాన్నా. ఐదో మలుపు."

మేస్త్రి చేతిలో గుడ్డ ఉంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి. అయినా తుడుచుకుంటూ నిలబడ్డాడు.

మొన్న అదే మలుపులో బండి ఆగినప్పుడు వెనక సీటు మీద నర్సు ఉంది. బరువెక్కువైందని మేస్త్రి తేల్చేశాడు. నిన్నంతా కూర్చుని సామాను పెట్టే చట్రాలు, బురద రేకులు, చివరికి వెనక దీపం కూడా విప్పేసి బండిని దిగంబరిని చేశాడు. ఇవాళ కూతురు ఒక్కతే వెళ్లింది. తడిబట్టలతో తూచినా ఆ పిల్ల యాభై కిలోలు దాటదు. బండి మాత్రం అదే చోట, అదే తీరుగా ప్రాణం వదిలింది. ఇక నేరం బరువు మీదికి నెట్టడానికి వీల్లేదు.

పెట్రోలు నిండా ఉందట. బెల్టు కాలిన వాసన రాలేదట. నాలుగో మలుపు దాకా బాగానే లాగి, తర్వాత వేడెక్కి, బలం తగ్గి, ఊపిరాడనట్టు ఆగిందట. అన్నీ చెప్పి కూతురు ఒక్క క్షణం తటపటాయించింది.

"ఆగేముందు మళ్లీ ఆ చప్పుడు వచ్చింది నాన్నా. డబ్బాలో మేకులు ఆడించినట్టు."

"వాల్వుల చప్పుడు. అది ఉండాల్సిందే."

మొన్నా ఇదే జవాబు. కూతురు మొన్నటిలాగే ఊరుకుంది. ఆ ఇంట్లో ఇంజన్ల విషయంలో ఒకటే చట్టం, నాన్న చెవి ఏం చెబితే అది. ఆమెకు తన చెవి మీద అనుమానం వచ్చింది గానీ తండ్రి చెవి మీద రాలేదు.

రాకపోవడంలో వింతేం లేదు. ఆయన్ని ఆ చుట్టుపక్కల ఎవరూ మేస్త్రి అని మాత్రమే అనరు, చెవుల మేస్త్రి అంటారు. రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని, వెనక పోయే బండి ఏదో, దానికున్న రోగమేదో చెప్పేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుంటే, బండి తన బాధలన్నీ ఆయనకొక్కడికే చెప్పుకుంటోందని జనం నమ్మేవారు. స్పార్క్ ప్లగ్గు విప్పి రంగు చూసి రోగం పట్టే మెకానిక్‌లంటే ఆయనకు పరమ చులకన. "అది చెవులు లేనివాళ్ల పని" అనేవాడు. ఆ మాట విని నవ్వని వాడు లేడు. కూతురు కూడా నవ్వుతూనే పెరిగింది.

ఈ బండిని కాగితాల్లో ఏటీవీ అని రాస్తారు, అందరూ కొండబండి అంటారు. నాలుగు లావుపాటి చక్రాలు, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చునే సీటు. కొండల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చే సహాయ కేంద్రానిది. కూతురు దాని డ్రైవరు. రెండు నెలల కింద కేంద్రం వాళ్లు దాన్ని తెచ్చి, ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతోంది, కాస్త సత్తువ పెంచండి అన్నారు. మేస్త్రి దానికి గాలి ధారాళంగా ఆడే కొత్త ఫిల్టరు పెట్టాడు, పొగగొట్టం మార్చాడు, ఇంజన్‌ని తన చెవితో సరిచేశాడు. చదును నేల మీద బండి రెక్కలు వచ్చినట్టు పోయింది. అందరూ భుజం తట్టారు. నిడుపాటి ఎక్కుడు మీద దాన్ని పరీక్షించే అవసరం అప్పుడు రాలేదు.

ఇప్పుడు వచ్చింది. పైన ఉన్నది ఆయన అల్లుడే, ఈ కూతురి భర్తే.

కొండమీది వాతావరణ కేంద్రంలో ఆ అబ్బాయి ఉద్యోగం. మబ్బులు లెక్కపెట్టే ఉద్యోగమని మేస్త్రి వేళాకోళం చేసేవాడు, ఎదురుగా కూడా. మూడు రోజుల కింద కొండచరియ విరిగినప్పుడు అతని కాలు విరిగింది, ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. రోడ్డు కొట్టుకుపోయింది. పొగమంచులో హెలికాప్టరు ఎగరదు. సహాయ కేంద్రం మనుషులంతా కొండచరియ పడ్డ పల్లెల్లో ఉన్నారు, స్ట్రెచర్ మోసేవాళ్లు లేరు. మిగిలింది ఏడు మలుపుల మేకల బాట, దానిలో పట్టేది ఈ బండి ఒక్కటే. పైకి ఎక్కితే చాలు. దిగడానికి ఇంజన్ కూడా అక్కర్లేదు, బ్రేకులుంటే సరిపోతుంది. కింద అంబులెన్సు మొన్నటినుంచీ సిద్ధంగా ఉంది.

మొన్న బండి ఆగిన చోటునుంచి నర్సు మందుల సంచీ భుజాన వేసుకుని నడిచి పైకి చేరింది. వైర్‌లెస్‌లో ఆమె గొంతే ఇప్పుడు ఆ ఇంటికి ఆధారం. ఇవాళ ఏడింటికి ఆ గొంతు చెప్పిన మాట ఒకటే. గాయం వాసన వస్తోంది. సాయంత్రంలోగా ఆపరేషన్ జరగాలి, లేకపోతే కాలు పోతుంది. రేపటిదాకా ఆగితే కాలు తీసినా మనిషి దక్కడని కింది ఆస్పత్రి డాక్టరు అన్నాడు.

ఆ మాటలు మొదట విన్నది వియ్యపురాలు. అల్లుడి తల్లి.

మూడు రోజుల కింద చేతిసంచీతో వచ్చి, ముందుగదిలో వైర్‌లెస్ సెట్టు పక్క కుర్చీలో కూర్చుంది. లేవడం లేదు. మేస్త్రి భార్య పళ్లెం పెడితే పళ్లెం, గ్లాసు పెడితే గ్లాసు అలాగే చల్లారి వెనక్కి పోతున్నాయి. నిన్న మాత్రం ఒక్కసారి నోరు తెరిచింది, పట్నంలో కంప్యూటరు పెట్టి చూసే మెకానిక్ ఉన్నాడట, పిలిపించమని అడిగింది. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. నేనుండగా ఇంకొకడా అని కస్సుమన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. అడగని ఆ నోరు ఇంటినిండా ఉంది.

ఇప్పుడు ఆవిడే షెడ్డు గుమ్మంలోకి వచ్చింది.

"మళ్లీ ఆగింది కదూ అన్నయ్యగారూ."

"చూస్తున్నానమ్మా."

"నిన్న పిలిస్తే ఆ అబ్బాయి ఈపాటికి వచ్చుండేవాడు. ఇప్పుడు పిలిస్తే మధ్యాహ్నానికి వస్తాడు. మధ్యాహ్నం నాకెందుకు?"

అరవలేదు, ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. మేస్త్రి వంగి బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బెల్టు మూత మీద చెయ్యి వేసి, తీసేశాడు. ఆయన భార్య గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడి, భర్త చేతులనే చూస్తోంది. ఏం చెయ్యాలో తెలియని చేతులు ఎలా ఉంటాయో ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమెకు ఇదే చూడటం.

"నాన్నా, ఒక్కసారి నీకు వినిపిస్తాను," అంది కూతురు.

ఊరికే ఇంజన్ వేసి తిప్పితే ఆ చప్పుడు రాదు, బండి కష్టపడుతున్నప్పుడే వస్తుంది. అందుకని బండి మూతిని షెడ్డు మధ్య ఉన్న లావుపాటి ఇనుప స్తంభానికి ఆనించి, ఇంజన్ వేసి, ముందుకు పొమ్మని యాక్సిలరేటర్ ఇచ్చింది. స్తంభం కదలదు, బండి ఊరుకోదు. వెనక చక్రాలు నేలను గీరుకుంటూ బురద చిమ్మాయి. ఇంజన్ మూలిగింది. ఆ మూలుగులోంచి సన్నగా, కరుకుగా, గలగలమని మొదలైంది.

"ఇదిగో," అని అరిచింది కూతురు.

మేస్త్రి తల వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. జనం నమ్మిన ఆ పాత భంగిమే.

"ఏం లేదే. మామూలుగానే ఉంది."

కూతురు ఇంజన్ ఆపేసింది. అప్పుడు వియ్యపురాలు అంది, "లోపల మేకులేమైనా పడ్డాయా అన్నయ్యగారూ? నాకే పళ్లు జివ్వుమన్నాయి."

ఇంజన్‌కీ కుట్టుమిషన్‌కీ తేడా తెలియని మనిషి ఆవిడ. మేస్త్రి నవ్వబోయాడు. "ఇంజన్ అన్నాక ఆ మాత్రం ఉంటుందమ్మా. కొత్తవాళ్లకు అలాగే అనిపిస్తుంది."

"ఏమండీ," అంది భార్య గోడ దగ్గరనుంచి. "ఏ పక్కనుంచి వచ్చింది ఆ చప్పుడు?"

"ఏమిటీ?"

"కుడి పక్కనుంచా, ఎడమ పక్కనుంచా? మీరు ఎప్పుడూ చెబుతారు కదా. చెప్పండి."

మేస్త్రి భార్య వంక చూశాడు. అది మామూలు చూపు కాదు, వద్దని బతిమాలే చూపు. ఆమె ఆ చూపును చాలాసార్లు చూసింది, చూసిన ప్రతిసారీ లొంగింది. ఇవాళ ఆమె కళ్లు తిప్పేసి కూతురికేసి చూస్తూ చెప్పింది.

"మీ నాన్నకి వినిపించదే. రెండేళ్లయింది."

కాసేపు షెడ్డులో వేడెక్కిన ఇంజన్ చల్లారుతూ చేసే చిటపటలు తప్ప ఏమీ లేవు. మేస్త్రికి అవీ లేవు.

ఆమె ఇక ఆగలేదు. మాటలు బాగానే వినిపిస్తాయి, సన్నటి చప్పుళ్లే పోయాయి అంది. నీళ్ల కెటిల్ ఈల వెయ్యడం, ఫోను మోగడం, వాకిట్లో సైకిలు బెల్లు, ఏవీ ఆయనకు అందవు. ఎవరైనా వస్తే తనే ముందు వెళ్లి భుజం తాకి "ఎవరో వచ్చారండీ" అంటుంది. బండ్లవాళ్లు రోగం చెబుతున్నప్పుడు ఏదో పని ఉన్నట్టు షెడ్డులో తచ్చాడుతుంది. బండిలో ఏదైనా సన్నటి చప్పుడు తన చెవిన పడితే, ఊరికే అన్నట్టు దాన్ని ఆయన ముందు పైకి అంటుంది. రెండేళ్లుగా అలా నెట్టుకొచ్చారు. మామూలు బండ్లకు సరిపోయింది.

"నీకెప్పట్నుంచీ తెలుసు?" అన్నాడు మేస్త్రి.

"మీకు తెలిసిన దగ్గర్నుంచీ."

ఇద్దరూ ఒకే గదిలో, ఒకే మంచం మీద, ఒకే రహస్యాన్ని చెరో వైపునుంచి దాచుకున్నారు. ఒకరికొకరు ఒక్కసారీ చెప్పుకోలేదు. పరువు అనేది ఎంత పాపిష్టిదో చూడండి, మొగుడూ పెళ్లాల మధ్య కూడా చాప వేసుకుని పడుకుంటుంది.

వియ్యపురాలికి మొత్తం అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆవిడ మేస్త్రి జోలికి పోలేదు. నేరుగా భార్య ముందుకు వచ్చి నిలబడింది.

"ఆయనంటే మగవాడు, చెప్పుకోలేకపోయాడు. మీరెందుకు దాచారు వదినగారూ? మొన్న మీ అమ్మాయి ఆ చప్పుడు గురించి చెప్పినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు కదా."

"ఉన్నాను."

"మొన్న చెప్పుంటే నా కొడుకు నిన్న కింద ఉండేవాడు."

"ఉండేవాడు," అంది భార్య. "చెప్పలేకపోయాను. ఈయన చెయ్యెత్తి ఏం లేదంటే, ఏం లేదేమోనని నాకూ ఆశ. తప్పు నాదే వదినగారూ."

ఒప్పేసుకున్నవాళ్లతో ఇంకేం పోట్లాడతాం? వియ్యపురాలు అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడింది. మూడు రోజుల్లో ఆవిడ కుర్చీ మారింది అప్పుడే.

కూతురు మాత్రం తండ్రికేసి తిరిగి, మాటలు కూడదీసుకుని అంది. "నాన్నా, ప్లగ్గు విప్పనా?"

ముప్ఫై ఏళ్లుగా ఆ షెడ్డులో ఎవరూ ఆయన్ని అడగని ప్రశ్న అది. మేస్త్రి గోడకు వేలాడుతున్న పానాల్లోంచి పొడుగు పానా తీశాడు. దానిమీద దుమ్ము ఉంది. చొక్కాకే తుడిచి కూతురి చేతిలో పెట్టాడు.

ప్లగ్గు బయటికి వచ్చింది. చివర ఉండే పింగాణీ, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ఐతే ఇటుక రంగులో ఉండాలి. ఇది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కూతురికి కూడా తెలిసింది.

"పెట్రోలు చాలట్లేదు," అంది.

"గాలి పెంచాను. దానికి తగ్గ పెట్రోలు పెంచాననుకున్నాను. చెవితో..." మేస్త్రి ఆగాడు. "ఎక్కుడు మీద లోపల మంటలు రేగుతున్నాయి. ఆ గలగల అదే. అది వినిపిస్తే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు."

కళ్లజోడు పెట్టుకుని ప్లగ్గును వెలుతుర్లోకి తిప్పాడు. ఒకసారి తిప్పి, మళ్లీ తిప్పాడు. తర్వాత దాన్ని నెమ్మదిగా చొక్కా జేబులో వేసుకున్నాడు. భార్య అది చూసింది.

ఆ తర్వాత ముప్పావుగంట ఆ షెడ్డులో జరిగిన పని లాంటిది అంతకుముందెప్పుడూ జరగలేదు. మేస్త్రి పాత మాత్రల డబ్బా తెరిచాడు. దాన్నిండా జెట్లు. గోరంత ఇత్తడి ముక్కలు, ఒక్కోదాని మధ్య సూదిమొన పట్టేంత రంధ్రం, ఇంజన్‌కి పెట్రోలు వెళ్లేది అందులోంచే. కొత్త ప్లగ్గు పెట్టి, ఒక జెట్టు బిగించి, స్తంభానికి బండిని ఆనించి, కూతురు చేత ఇంజన్ వేయించాడు.

"చెప్పు."

"ఇంకా ఉంది. తగ్గింది గానీ ఉంది."

"ఎక్కడ మొదలవుతోంది?"

"యాక్సిలరేటర్ సగం దాటాక." ఆమె తండ్రిలాగే తల వంచింది. "ఇసకలో నడిచినట్టుగా ఉంది, ఇప్పుడు మేకుల్లా లేదు."

ఇంకాస్త పెద్ద జెట్టు వేశాడు. కూతురు కళ్లు మూసుకుంది. మేస్త్రి ఆమె ముఖం తప్ప ఏమీ చూడలేదు. కనుబొమలు ముడిపడినప్పుడల్లా ఆయన చెయ్యి జెట్ల డబ్బా మీదికి పోయింది. చాలాసేపటికి ఆ ముడి విడింది.

"పోయింది. గొంతు కొంచెం బొంగురుగా ఉంది."

"ఉండనీ. బొంగురుగొంతు బండి చావదు."

కూతురు నవ్వింది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు, అదీ ఒక్క క్షణం. వెంటనే చేతి తొడుగులు వేసుకుంది. స్ట్రెచర్ మడిచి వెనక కట్టింది. హెల్మెట్ అందుకుంది.

మేస్త్రి జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

ఆ జేబులో ఉన్న ప్లగ్గు గురించి పాఠకులకు చెప్పేస్తాను, ఆయనింకా చెప్పలేదు కాబట్టి. ఆ తెల్లటి పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు ఉండే వెండి చుక్కలు రెండో మూడో మెరిశాయి. అవి బయటినుంచి వచ్చినవి కావు. లోపల పిస్టన్ కరగడం మొదలైందని దానర్థం. రెండుసార్లు ఐదో మలుపు దాకా కాలుతూ ఎక్కింది కదా, ఆ దెబ్బ తగిలిపోయింది. ఇప్పుడు ఎంత పెట్రోలు పోసినా కరిగింది తిరిగి రాదు. ఇంజన్ ఇంకా నెల నడవొచ్చు. నాలుగో మలుపులోనే బిగుసుకుపోవచ్చు. విప్పి కొత్త పిస్టన్ వెయ్యాలంటే రోజు పని, పిస్టనూ లేదు.

చెబితే కూతురు భయంతో ఎక్కుతుంది. చెప్పకపోతే ధైర్యంగా ఎక్కుతుంది. చెప్పకపోవడం ఆయనకు అలవాటే.

"ఉండవే," అన్నాడు.

ప్లగ్గు తీసి ఆమె అరచేతిలో పెట్టి, గోటితో ఆ చుక్కలు చూపించాడు. మొత్తం చెప్పాడు, ఏదీ మింగలేదు. బిగుసుకుంటే చక్రాలు ఒక్కసారి పట్టేస్తాయి, లోయ వైపు జారకుండా కొండ గోడ వైపు తిప్పుకోవాలి, వెంటనే బ్రేకు పట్టాలి అని రెండుసార్లు చెప్పాడు.

"ఎంత దూరం వస్తుంది నాన్నా?"

"తెలీదు."

ఆ నోట ఆ మాట కూతురు ఎప్పుడూ వినలేదు. ఒక్క క్షణం ఆయన్ని కొత్తగా చూసింది. "సరే," అని ప్లగ్గు ఆయనకే ఇచ్చేసింది.

బండి హ్యాండిల్ మీద ఇంకో చెయ్యి పడింది. వియ్యపురాలిది.

"అమ్మాయ్, వద్దు."

"అత్తయ్యా..."

"నాకిప్పుడు ఒకడి గురించే భయం. ఇద్దరి గురించి భయపడే ఓపిక నాకు లేదు. దిగు."

"చెయ్యి తియ్యండి అత్తయ్యా. ఆయన కాలు వాసన వస్తోంది."

వియ్యపురాలి చెయ్యి అలాగే ఉంది. కూతురు ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పింది. మొరటుగా కాదు, నిద్రపోయే పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు. ఆ తర్వాత బండి కదిలింది.

తొమ్మిదిన్నర. మేస్త్రి చేతి గడియారం చూసుకున్నాడు. కొత్తలో మంచి ఊపు మీద ఉన్నప్పుడు కూడా ఆ బండి ఏడు మలుపులూ ఎక్కడానికి ఇరవై నిమిషాలు తీసుకునేది. ఏడో మలుపు దాటితే గుట్ట భుజం అవతలికి దిగుతుంది, ఇంకక్కడినుంచి చప్పుడు ఈవలికి వినపడదు. ఐదో మలుపు చేరడానికి పది నిమిషాలు.

మూడో మలుపు దాకా అందరికీ కనిపించింది. ఎర్రటి హెల్మెట్ కొండ పొట్ట మీద పాకుతూ పోయి పొగమంచులో మాయమైంది. ఇక మిగిలింది చప్పుడు, అది ఇద్దరాడవాళ్లకే.

"వస్తోంది," అంది భార్య అడక్కుండానే. ఆయన మణికట్టు పట్టుకుని ఉంది.

పది నిమిషాలు. "ఎలా ఉంది?"

"వస్తోందండీ. గలగల లేదు. బొంగురుగా, నిదానంగా."

పదకొండు. పన్నెండు. ఐదో మలుపు దాటింది. మేస్త్రి పక్కనే ఉన్న నీళ్ల పీపాను పట్టుకుని నిలబడ్డాడు. పదమూడు. పద్నాలుగో నిమిషంలో మణికట్టు మీద భార్య వేళ్లు బిగుసుకున్నాయి.

"ఏమైంది?"

"ఏం లేదు. వస్తోంది."

గొంతులో తేడా లేదు. మెత్తగా, నమ్మకంగా, ఎప్పటిలాగే ఉంది. అదే ఆయన్ని చంపేసింది. రెండేళ్లుగా "ఎవరో వచ్చారండీ" అన్న గొంతు అది. ఆయన పడిపోకుండా పట్టుకోవడానికి పుట్టిన గొంతు. ఆ గొంతు చెప్పేదేదీ ఇప్పుడాయన నమ్మలేడు.

మణికట్టు విడిపించుకుని వియ్యపురాలి వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, మీరు చెప్పండి. మీరు నా ముఖం చూసి చెప్పరు. చప్పుడు వస్తోందా?"

వియ్యపురాలు కళ్లు మూసుకుని, కొండవైపు చెవి ఒగ్గి ఉంది. చాలాసేపటికి కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. మూడు రోజులుగా ఆ కళ్లలో ఉన్న కోపం లేదు. ఉన్నది జాలి. మేస్త్రి ప్రాణం ఆ కోపం కోసం కొట్టుకుంది.

"ఆగిపోయిందన్నయ్యగారూ. ఒక్కసారిగా."

పద్నాలుగు నిమిషాలకు గుట్ట భుజం దాటడం ఆ బండి పుట్టాక జరగలేదు. సరైన పెట్రోలు, సగం బరువు, కూతురి చెవి, ఈ మూడూ కలిస్తే జరుగుతుందేమో. జరగదేమో. లోయ వైపు కాకుండా గోడ వైపు తిప్పమని చెప్పాడు కదా. రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పాల్సింది.

పదిహేడు. పంతొమ్మిది. పొగమంచు ఒక మలుపు కిందికి దిగింది. ఇరవై రెండో నిమిషంలో ఆడవాళ్లిద్దరూ ఒక్కసారిగా ఇంటి వైపు తలలు తిప్పారు.

ముందుగదిలో వైర్‌లెస్ సెట్టు ఉంది.

"ఏమిటి? మోగుతోందా?" అన్నాడు మేస్త్రి.

అప్పటికే వాళ్లు పరిగెత్తారు. మొదట వియ్యపురాలు, వెనక భార్య. తలుపు గోడకు తగిలి వెనక్కి ఊగింది. లోపలినుంచి ఎవరో ఏదో అన్నారు. ఏడుపో కేకో ఆయనకు తెలియలేదు. చేతిలో ప్లగ్గుతో, వాకిట్లో, ఒక్కడే కొండకేసి చూస్తూ నిలబడ్డాడు.